హెరాత్ దగ్గర ఎర్ర గీతలు

ఓల్డ్ రాజిందర్ నగర్ సివిల్స్ కోచింగ్ సెంటర్లో జాగ్రఫీ చెప్పే వెంకటశేషయ్య మాస్టారు, మన దాకా రావాల్సి ఉన్నా ఇంకా రాని గ్యాస్ పైపులైన్‌ను మ్యాపు చూడకుండానే గీస్తారు. చొక్కా చేతులు మడిచి, తుర్క్‌మెనిస్తాన్‌లో పెట్టిన మార్కరును అఫ్గానిస్తాన్, పాకిస్తాన్ మీదుగా పంజాబ్ సరిహద్దు దాకా ఎత్తకుండా లాక్కొస్తారు. తర్వాత వెనక్కి వెళ్లి, అఫ్గానిస్తాన్‌లో హెరాత్ ఊరి మీద ఎర్ర మార్కరుతో బరబరా అడ్డగీతలు కొడతారు. "లైనుకు ముప్పంతా ఇక్కడే. రాసుకోండర్రా, మార్కులు దీనికే" అంటారు. ఇది ఎప్పటికైనా వస్తుందా సార్ అని ఎవరైనా అడిగితే, "లైను సంగతేమో గానీ ప్రశ్న మాత్రం వస్తుంది" అని మీసాల్లో నవ్వుకుంటారు.

సాయంత్రం లజపత్ నగర్‌లో మెట్రో దిగి, అఫ్గాన్ ముసలాయన కొట్లో రెండు రొట్టెలు కట్టించుకుని ఇంటికెళ్లడం ఆయనకు అలవాటుగా ఉండేది. ఆ ముసలాయనది హెరాతేనని ఆమధ్య ఒకరోజు తెలిసింది. మాస్టారు ఉబ్బిపోయి, "అచ్ఛా, నేను మీ ఊరి గురించి పాఠం చెప్తాను భాయీ" అన్నారు హిందీలో. ముసలాయన పిండి చేతులు దులుపుకుని, పొయ్యి వదిలి ముందుకొచ్చాడు. "మా ఊరి గురించా ఉస్తాద్‌జీ? పిల్లలకి ఏం చెప్తారు?" మాస్టారు ఎర్ర మరకలున్న వేళ్లు జేబులో పెట్టుకున్నారు. "మంచి ఊరని చెప్తాను" అన్నారు చివరికి. ముసలాయన ఇంకో వేడి రొట్టె పొట్లంలో పెట్టి, పాఠం వినే పిల్లలకి ఇవ్వమన్నాడు. అప్పట్నుంచీ మాస్టారు వెనక సందులోంచి చుట్టు తిరిగి ఇంటికెళ్తున్నారు. క్లాసులో హెరాత్ మీద గీతలు ఇప్పటికీ కొడుతూనే ఉన్నారు. కాకపోతే, కొట్టాక చాలాసేపు పిల్లల వైపు తిరగరు.