ఇనుప అలుగును కోసింది నేనే

పిల్లల లైబ్రరీలో ఎవరినడిగినా మేడమ్ అంటే పిల్లల పుస్తకాలకు బొమ్మలు వేసిన డచ్చావిడ అంటారు. అది సగం నిజం. అంతకుముందు ముప్ఫై ఏళ్లు ఆవిడ శిల్పి. శిల్పాలు మానేసి కాగితం ఎందుకు పట్టుకున్నారో సరిగ్గా తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే. ఇదేమీ గొప్పగా చెప్పడం లేదు.

నేను శ్రీకాకుళం వైపు నుంచి సముద్రం దాటి, ఈ ఊరి చివర ఫ్యాక్టరీలుండే తువాస్‌కు వెల్డరుగా వచ్చాను. మా వర్క్‌షాపులో గేట్లు, మెట్లు, నీళ్ల ట్యాంకులు చేసేవాళ్లం. ఒకరోజు తెల్లజుట్టు పొడుగాటావిడ ఒకరు మగవాళ్ల చొక్కా వేసుకుని, ఖాకీ కాగితాల చుట్ట చంకన పెట్టుకుని వచ్చారు. ఒక కాండో, అంటే డబ్బున్నవాళ్ల ఫ్లాట్ల సముదాయం, దాని ముందు నిలబెట్టడానికి ఇనుప అలుగు కావాలట. అలుగంటే ఒళ్లంతా పెంకుల్లాంటి పొలుసులుండి, చీమల్ని తిని బతికే జంతువు. ఇక్కడి అడవుల్లో ఇంకా కొన్ని ఉన్నాయంటారు. తల్లి అలుగు, దాని తోక మీద బోర్లా పడుకున్న పిల్ల. పిల్లల్ని అవి అలాగే మోస్తాయని మేడమ్ చెప్పారు. గేట్ల పనికైతే అందరూ ఎగబడతారు, తలనొప్పి పనికి నేను దొరుకుతాను. మా ఫోర్‌మన్ దాన్ని నా నెత్తిన పడేశాడు.

పొలుసుకో కాగితం. ఏ రెండూ ఒకలా ఉండవు. ఒకటి అరంగుళం జరిగిందంటే తీసి మళ్లీ వెయ్యమనేవారు. మొదటి వారమంతా తెలుగులో తిట్టుకుంటూ పనిచేశాను. ఆవిడకు భాష రాకపోయినా తిట్టు తెలిసింది. నవ్వి, డచ్‌లో ఏదో తిరిగి తిట్టారు. అప్పట్నుంచి మాకు కుదిరింది. ఫోర్‌మన్ నన్ను తంబీ అంటాడు గనుక ఆవిడా తంబీ అనేవారు. నాలుగు నెలలు పట్టింది. నా చేతుల మీద ఎన్ని నిప్పురవ్వల మచ్చలో ఆవిడ చేతుల మీదా అన్నే పడ్డాయి. నిలబెట్టిన రోజు కాండో పిల్లలు దాని వీపు మీద నుంచి జారడం మొదలుపెట్టారు. సెక్యూరిటీ గార్డు అరుస్తుంటే మేడమ్ ఆపారు. "ఇంక నునుపు చేసే పని వాళ్లదే తంబీ, మనది అయిపోయింది" అన్నారు. అంత సంతోషంగా ఉన్న మనిషిని నేను చాలా తక్కువసార్లు చూశాను.

ఆరేడేళ్ల తర్వాత ఆ కాండో మొత్తాన్ని ఎవరో కొనేశారు. పడగొట్టి ఇంకా ఎత్తుగా కడతారట. ఈ ఊళ్లో అది మామూలే. అలుగును తానే తీసుకెళ్తానని మేడమ్ ఉత్తరాలు రాశారు. చూసి చెబుతాం అన్నారు వాళ్లు. అంతకుముందే మా వర్క్‌షాపు పాత ఇనుము కోసి తరలించే పనులు కూడా పట్టడం మొదలుపెట్టింది. ఒక శుక్రవారం సాయంత్రం ఫోర్‌మన్ సోమవారం పని చీటీ చేతికిచ్చాడు. దాని మీద ఆ కాండో పేరుంది.

మేడమ్ నంబరు నా ఫోన్‌లోనే ఉంది. శనివారం గడిచింది, ఆదివారం గడిచింది. నేను చెయ్యలేదు. చేస్తే ఆవిడ పరుగెత్తుకొచ్చి అలుగు ముందు నిలబడతారు, ఎవరు చెప్పారని అడుగుతారు. నా వర్క్ పర్మిట్ రెన్యువల్ కాగితం అప్పుడు బాస్ బల్ల మీద ఉంది. భయపడ్డాను. దానికి ఇంకో పేరు పెట్టి గౌరవంగా చూపించాలని తర్వాత చాలాసార్లు ప్రయత్నించాను గానీ కుదరలేదు.

రెండు రోజుల పని అని వెళ్లాం. కానీ కట్టినవాడికంటే బాగా కోసేవాడెవడు? బరువంతా లోపల ఏ కడ్డీ మీద ఆగి ఉందో నాకు తెలుసు. మంచి వెల్డు మీద మంట పెడితే టైము దండగని, పక్కన ప్లేటును కోయాలని తెలుసు. మధ్యాహ్నానికల్లా అలుగు స్క్రాప్ బిన్‌లో ఉంది. ఫోర్‌మన్ నా భుజం తట్టి, "సూపర్ లా తంబీ! రెండ్రోజుల జాబు, మకాన్ టైముకే ఫినిష్!" అన్నాడు. మకాన్ అంటే ఇక్కడ తిండి. ఆ రోజు నేను అన్నం పొట్లం విప్పలేదు.

వారానికి మేడమ్ ఫోన్ చేశారు. కాండో వాళ్లు క్షమాపణ ఉత్తరంతో పాటు కోసిన ముక్కల ఫోటో ఒకటి పంపారట. "ఎవరో పని తెలిసినవాడే కోశాడు తంబీ. చీల్చి పారేయలేదు. అదే కాస్త నయం" అన్నారు. "అవును మేడమ్" అన్నాను.

ఆ తర్వాత ఆవిడ ఇనుము ముట్టలేదు. స్టూడియో ఖాళీ చేసి పుంగ్గోల్‌లో చిన్న ఫ్లాటు తీసుకున్నారు. "పుస్తకాన్ని ఎవరూ పడగొట్టలేరు. ఒక ఇంట్లో చింపితే ఇంకో ఇంట్లో ఉంటుంది" అని, అరవై దాటాక బొమ్మలు గీయడం కొత్తగా నేర్చుకున్నారు. మొదటి పుస్తకానికి వేసిన కోతులను పబ్లిషర్ తిప్పి పంపారు. కొమ్మ విరిగిపోయేంత బరువుగా ఉన్నాయట. అది చెప్పి కళ్లనీళ్లు వచ్చేలా నవ్వారు మేడమ్. అట్టముక్కలతో జంతువును చేసి, దీపం కింద తిప్పి చూసి, అప్పుడు గీసేవారు. బరువు మెల్లగా తగ్గింది. నీటికుక్కలు వచ్చాయి, ఉడుములు వచ్చాయి, పిల్లలు పేర్లు చెప్పి అడిగే పుస్తకాలు వచ్చాయి. నా భార్య వచ్చి మేము ఊరికి ఇంకో చివర యూ టీ అనే పేటలో ఇల్లు తీసుకున్నాక, ఆదివారాలు పులిహోర డబ్బా పట్టుకుని రెండు రైళ్లు మారి వెళ్లేవాణ్ణి. అట్ట వంచి పట్టుకోవడం నా పని. దాని కింద, కోసింది నేనే అన్న మాట దాచుకోవడం ఇంకో పని.

ఒక ఆదివారం బల్ల మీద అలుగు ఉంది.

"ఇన్నాళ్లకు దాన్ని మళ్లీ చూడగలుగుతున్నాను" అన్నారు మేడమ్. వేళ్లు బిగుసుకుపోతున్నాయి, ఇదే చివరి పుస్తకం అన్నారు. పన్నెండు బొమ్మలు. మొదటి ఏడింటిలో తల్లి చీమలకోసం తిరుగుతుంది, పిల్ల వెనకపడుతుంది. ఎనిమిదో బొమ్మలో పిల్ల తోక ఎక్కాలి. అక్కణ్నుంచి చివరిదాకా దిగదు. ఏడూ పూర్తయ్యాయి. వాటిలో ఒక్క పొలుసూ తప్పలేదు. నేను వెల్డు చేసినవన్నీ అక్కడే ఉన్నాయి.

ఇంటికొచ్చి ఏడ్చాను. నా భార్యకు సంగతంతా తెలుసు. "ఆ యమ్మకి సెప్పెయ్యి. ఎన్నాళ్లు కడుపులో ఎట్టుకుంటావు? సెప్తే నీకూ బరువు దిగుద్ది" అంది. తన తప్పేం లేదు. నా మంచికే చెప్పింది.

మరుసటి ఆదివారం చెప్పేశాను. "దాన్ని కోసింది నేనే మేడమ్."

ఆవిడ పెన్సిల్ కింద పెట్టారు. "ముందు ఎక్కడ కోశావు?" అని అడిగారు.

"తోక మేడమ్."

"పిల్ల?"

"తోకతో పాటే. ముందు పడింది అదే. లేకపోతే బరువు వెనక్కి లాగుతుంది."

పని గురించి అడిగితే పని గురించి చెప్పడం అలవాటు. మంట ఎంత పెట్టానో, ఎంతసేపు పట్టిందో కూడా చెప్పాను. అక్కడ ఆగాల్సింది. నోరు ఆగలేదు. మేడమ్ లేచి టీ పెట్టారు. "నీ స్థానంలో ఉంటే నేనూ ఫోన్ చేసేదాన్ని కాదు తంబీ" అన్నారు. అబద్ధం. ఆవిడైతే చేసేవారు.

ఆ రోజు ఇంటికొచ్చి రెండుసార్లు వడ్డించుకుని తిన్నాను. ఏళ్ల తర్వాత ఒళ్లు తెలియకుండా నిద్రపోయాను. ఆ తిండి, ఆ నిద్ర తలుచుకుంటే ఇప్పటికీ నామీద నాకు అసహ్యం వేస్తుంది.

తర్వాతి ఆదివారం బల్ల మీద ఎనిమిదో కాగితం తెల్లగా ఉంది. ఆ పై ఆదివారమూ తెల్లగానే ఉంది. మూడోసారి నేనే అడిగాను. మేడమ్ కోపంగా లేరు. కోపంగా ఉంటే నేను బతికిపోయేవాణ్ణి.

"తోక దగ్గర పెన్సిల్ పెట్టగానే నీ గ్యాస్ మంట చప్పుడు వినిపిస్తోంది తంబీ. పిల్ల కింద పడుతోంది. ఇంతకుముందు నా దగ్గర ఒక్క ఫోటోనే ఉండేది, అందులో చప్పుడు లేదు" అన్నారు.

ఆ ఏడాది ఆఖరుకు ఆవిడ వేళ్లు పూర్తిగా బిగుసుకుపోయాయి. వాళ్ల దేశం వెళ్లిపోయారు, రెండేళ్లకు అక్కడే పోయారు. మిగతా పుస్తకాలన్నీ లైబ్రరీలో దొరుకుతాయి. మా పాప వాటిని మళ్లీ మళ్లీ తెచ్చుకుంటుంది. అలుగు పుస్తకం రాలేదు. మొదటిసారి కోసినప్పుడు భయమన్న సాకైనా ఉంది నాకు. రెండోసారి అదీ లేదు.