చెయ్యి పూర్తిగా ఎత్తడం

పాలిటెక్నిక్ డిప్లొమా చేతికొచ్చిన మరుసటి ఏడు, అరవైల మొదట్లో, బోగోలు నుంచి సముద్రం వైపు వేయబోయే రోడ్డుకు లెవెల్స్ తీసే పని, అంటే నేల ఎత్తుపల్లాలు కొలిచే పని, నాకిచ్చారు. ఉద్యోగం తాత్కాలికం. నెలాఖరుకు ఇంజనీరుగారు వచ్చి చూసి, బాగుందంటే ఉంచుతారు. లేదంటే ఇంటికే.

నేను దుర్బిణి ఉన్న లెవెల్ యంత్రం దగ్గర ఉంటాను. దూరంగా నాకు సాయంగా ఇచ్చిన ఖలాసీ, అంకెలు గీసిన పొడవాటి కర్రను ఒక మేకు మీద నిలబెడతాడు. అంకె చదివి, పుస్తకంలో రాసుకుని, నేను సైగ చేస్తే అతను తర్వాతి మేకుకు కదలాలి. సముద్రపు గాలికి కేక వినపడదు. సైగలన్నీ నాకు కంఠతా వచ్చు. అయినా అతను నిలబడిన చోటే నిలబడిపోయేవాడు.

"మీ చెయ్యి రమ్మంటందా, పొమ్మంటందా సార్? ఈగలు తోలుకుంటన్నారేమో అనుకున్నా," అన్నాడొకరోజు.

ఆ ఆదివారం జువ్వలదిన్నె ఒడ్డున ఒక పెద్దాయనను చూశాను. ఇసుక దిబ్బ మీద నిలబడి, నీళ్ళ రంగును బట్టి చేపల గుంపును గుర్తుపట్టి, తువ్వాలు ఊపుతూ వల వేసే పడవను నడిపిస్తున్నాడు. నోటుబుక్కు తీశాను. ఒకటి, కాళ్ళు ఎడంగా పెడతాడు. రెండు, చెయ్యి మోచేతి నుంచి కాదు, భుజం నుంచి లేస్తుంది. మూడు, పడవ తిరిగేదాకా దించడు. ఇంతలో ఉత్తరానికి ఊపిన తువ్వాలునే అంతే జోరుగా దక్షిణానికి ఊపాడు. ఇది ఏ వరసలో రాయాలో తెలియలేదు.

వల ఒడ్డుకు వచ్చాక అడిగాను. "ముందు చూపించింది తప్పు కదా, పెద్దాయనా?"

"చేప తిరిగింది, నేనూ తిరిగినా. సిగ్గుపడి చెయ్యి సగం ఎత్తితే, పడవ సగంలో నిలబడిపోద్ది అబ్బయ్యా."

సోమవారం నుంచి ఆ మూడూ పాటించాను. ఖలాసీ నా సైగకు వెంటనే కదలడం మొదలుపెట్టాడు. అదే నన్ను ముంచబోయింది.

ఇంజనీరుగారు వచ్చిన రోజు, ఆయన నా వెనకే నిలబడి ఉండగా, భుజం నుంచి చెయ్యెత్తి ఖలాసీని పొమ్మన్నాను. అతను కర్ర భుజాన వేసుకుని చకచకా వెళ్ళిపోతున్నాడు. పుస్తకం చూస్తే ఆ మేకుకు ఎదురుగా ఉన్న గడి ఖాళీ. అంకె చదవనేలేదు. ఏదో ఒక అంకె వేసేస్తే ఆయనకు అప్పటికప్పుడు తెలియదు. పెన్సిలు గడి మీదికి వెళ్ళింది కూడా.

కాళ్ళు ఎడంగా పెట్టి, రెండు చేతులూ పైకెత్తి, వెనక్కి రమ్మన్నాను. అతను తిరిగి చూసేదాకా దించలేదు.

"ఎందుకు పిలిచినావు?" అన్నారు ఇంజనీరుగారు.

"అంకె రాసుకోకముందే పొమ్మన్నాను సార్."

ఆయన నన్ను పక్కకు జరగమని, ఖలాసీ మేకు మీద మళ్ళీ నిలబెట్టిన కర్రను తానే చూసి, అంకె పైకి చదివారు. రాసుకున్నాను. సాయంత్రం పుస్తకం మీద సంతకం పెడుతూ, "ఈ రోడ్డు అయ్యాక తడ దగ్గర పనుంది. నువ్వే పో," అన్నారు.

ఆయన జీపు కదిలాక ఖలాసీ నవ్వాడు. "ఈరోజు బాగా అర్థమైంది సార్ మీ చెయ్యి. తప్పు చేసినా ఎంత ధీమాగా చూపించినారో!"