ఎద్దు మంచిగ వచ్చింది

ఆ రోజుల్లో మా సిద్దిపేటలో ఫోటో దిగడమంటే చిన్న సంగతి కాదు. పట్నం పోవాలి (మాకు పట్నమంటే హైదరాబాదే), స్టూడియోలో పరదా ముందు కుర్చీలో కూర్చోవాలి, ఊపిరి బిగబట్టి, ఇంట్లో ఎవరో పోయినట్టు ముఖం పెట్టాలి. మా బాపు (నాన్నను మేం అట్లా పిలిచేవాళ్లం) ఒక్కసారి కూడా ఫోటో దిగకుండానే కాలం చేశాడు. ఆయన ఎట్లా ఉండేవాడని ఎవరైనా అడిగితే, "మా చిన్నకాక లెక్కనే, మీసాలు ఇంకింత పెద్దగ" అని చెప్పేవాణ్ని. అంతకు మించి చెప్పడానికి నా దగ్గర ఏమీ మిగల్లేదు. అందుకని నాకు పిల్లలు పుట్టాక ఒకటే పట్టుదల పట్టుకుంది: వీళ్ల ముఖాలు ఎక్కడికీ పోకుండా పట్టి ఉంచాలని. ఇరవై ఆరేళ్ల వయసులో మనిషికి అదేమంత కష్టమనిపించదు.

అప్పుడు నేను సర్కారు బడిలో పంతుల్ని. రెండో ప్రపంచ యుద్ధం ముగిసిన కొత్తల్లో, ఫౌజులో పనిచేసి వచ్చిన మా మేనబావ ఒక డబ్బా కెమెరా తెచ్చి నా చేతిలో పెట్టాడు. నల్లని పెట్టె, ముందు ఒక గాజు కన్ను, పక్కన ఒక మీట, నెత్తిమీద అగ్గిపెట్టెంత అద్దం. పెట్టెను పొట్టకు ఆనించుకుని, తల వంచి ఆ అద్దంలోకి చూస్తే మా వాకిలి, మా దడి, మా పిల్లలు అందులో బియ్యపు గింజలంతై కదులుతూ కనిపించేవాళ్లు. అన్నీ బాగున్నాయి గానీ ఫిల్ము లేదు. సిద్దిపేటలో దొరకదు, పట్నం నుంచి తెప్పించాలి, వాళ్లేమో వచ్చే నెల అంటున్నారు. ఆ నెల రోజులూ ఊరికే కూర్చోవడం ఇష్టంలేక ఖాళీ పెట్టెతోనే సాధన మొదలుపెట్టాను. (నవ్వకండి. ఈత నేర్చుకునేవాడు మొదట ఒడ్డున చేతులు ఆడించడా?) బడి నుంచి రాగానే చెప్పులు విప్పడం, పిల్లల్ని వాకిట్లో నిలబెట్టడం, తల వంచడం, టక్కుమని మీట నొక్కడం. ఊరి పెద్దలా చెయ్యి ఊపుకుంటూ నడిచే తీరుకు మా ఐదేళ్ల కొడుకును అందరూ 'పటేలు' అనేవాళ్లు. వాడు నెల్లాళ్లు నమ్మకంగా నిలబడ్డాడు. రెండేళ్లు కూడా నిండని మా చిట్టి మాత్రం నిలబెట్టిన చోట నిలిచేది కాదు. పెట్టె తనకే కావాలని, బుడిబుడి నడకలతో నా మీదికే వచ్చేది.

"ఉత్త పెట్టెతోని ఏం దీస్తున్నవయ్యా, గాలినా?" అనేది మా ఇంటావిడ, చేటలో బియ్యం చెరుగుతూ.

"చెయ్యి కుదరాలె గద."

"చెయ్యి కుదిరేటాల్లకు పిల్లలు పెద్దగైతరు. గా పిల్లను జర ఎత్తుకోరాదు?"

"ఆగు, ఎలుగు పోతది," అనేవాణ్ని. ఖాళీ పెట్టెకు వెలుగుతో ఏం పనో ఆవిడ అడగలేదు, నేనూ ఆలోచించలేదు.

మూడో కాన్పుకు ఆవిడను పుట్టింటికి పంపాలి. అత్తగారి ఊరు హుస్నాబాద్. వానలు ముదిరితే దారిలో వాగులు బండ్లను దాటనివ్వవు కాబట్టి ఆషాఢంలోనే పంపమని అత్తగారు కబురు పెట్టింది. అంటే పిల్లలతో సహా మూడు నాలుగు నెలలు. నాకేమో బడి, సెలవు ఇవ్వని పెద్ద పంతులు. ఫిల్ము చుట్ట సరిగ్గా వాళ్లు బయలుదేరడానికి ముందురోజు పోస్టులో వచ్చింది. ఎనిమిది బొమ్మలు వస్తాయట. ఆ నాలుగు నెలలూ నేను బతకాల్సింది ఆ ఎనిమిదింటితోనే అనుకున్నాను.

తెల్లారి బండి వాకిట్లోకి వచ్చింది. నేను పటేలును బండి పక్కన నిలబెట్టాను, కూర్చోబెట్టాను, మళ్లీ నిలబెట్టాను. చిట్టిని నులక మంచం మీద పెట్టి "కదలకు బిడ్డా" అని నాలుగడుగులు వెనక్కి వేసేసరికి అది మంచం దిగి వచ్చేసేది. నేను ఇంకా వెనక్కి, అది ఇంకా ముందుకు. చివరికి పేడకుప్పలో మోకాలిదాకా దిగాను. బండాయన చుట్ట ఆర్పేసి, "పంతులూ, ఎద్దులు నిలుస్తలెవ్వు, పొద్దెక్కుతుంది" అన్నాడు. ఎనిమిదో బొమ్మ కోసం మీట నొక్కేసరికి బండి కదిలింది. వెనక కూర్చున్న చిట్టి నా వైపు రెండు చేతులూ చాచింది. ఎత్తుకొమ్మని కాబోలు. నేను తల వంచి అద్దంలో చూస్తున్నాను. తలెత్తేసరికి బండి మలుపు తిరిగింది.

ఫిల్మును పట్నం స్టూడియోకు పంపితే, మూడు వారాలకు బొమ్మల లిఫాఫా (కవరు) వచ్చింది. బడిలో విప్పడానికి ధైర్యం చాలక ఇంటికి తెచ్చి, చేతులు కడుక్కుని విప్పాను. మొదటి బొమ్మలో నా బొటనవేలు, అద్భుతంగా వచ్చింది. రెండోదాంట్లో మా దడి. మూడోది, ఫిల్ము తిప్పడం మరిచి ఒకదాని మీద ఒకటి తీసినట్టున్నాను, మా పటేలు ముఖానికి రెండు కొమ్ములు, ఇంత పెద్ద గంగడోలు. నాలుగోదాంట్లో చిట్టి ఉండాల్సిన చోట పొగ. తక్కినవీ ఆ వరసే. ఎనిమిదోదాంట్లో బండి చక్రం, దుమ్ము. స్టూడియో ఆయన మంచి మనసున్నవాడై ఉండాలి, చిన్న చీటీ రాసి పెట్టాడు: "ఎద్దు మంచిగ వచ్చింది. పిల్లలు కదిలిన్రు."

ఒక్క బొమ్మ మాత్రం కదలకుండా వచ్చింది, దాంట్లో పాదాలే ఉన్నాయి. మోకాళ్లకు పైన ఏమీ లేదు. పటేలు బొటనవేలికి దెబ్బ తగిలితే వాళ్లమ్మ కట్టిన గుడ్డపీలిక. చిట్టి ఎడమ పాదం కొంచెం లోపలికి తిరిగి ఉంది. దాని పాదం అట్లా తిరిగి ఉంటుందని ఆ బొమ్మ చూసేదాకా నాకు తెలియదు. నెల రోజులు దాన్ని రోజూ అద్దంలో చూసినవాణ్ని! ఆ బొమ్మను గోడ గూట్లో పెట్టుకున్నాను. బడికి పోయేముందు ఒకసారి, వచ్చాక ఒకసారి చూసేవాణ్ని. వానకు ఇల్లు చప్పుడు లేకుండా ఉండేది. వండుకోబుద్ధి కాక అటుకులు నానబెట్టుకుని ఆ నాలుగు పాదాల ముందు కూర్చుని తినేవాణ్ని. ఎవరన్నా వస్తే గబగబా గూటికి అడ్డం నిలబడేవాణ్ని. పిల్లల కాళ్లు చూసి కళ్లు తుడుచుకునే పంతులంటే బడిలో ఎవరు భయపడతారు?

దసరా సెలవుల్లో తొట్టెలకు, అంటే బారసాలకు, రమ్మని కబురొచ్చింది. మళ్లీ కొడుకే. కొత్త ఫిల్ము చుట్ట, పిప్పరమెంట్లు, పాత బొమ్మలు సంచిలో వేసుకుని హుస్నాబాద్‌లో దిగాను. పటేలు వీధి చివరి నుంచే ఉరికి వచ్చాడు. కొమ్ముల బొమ్మ చూపిస్తే వాడి ఆనందం చెప్పలేను. "నాకు కొమ్ములొచ్చినయ్!" అని వాడకట్టంతా తిప్పాడు. చిట్టి మాత్రం అమ్మమ్మ కొంగు పట్టుకుని నన్ను పైనుంచి కిందికి చూసింది.

"ఎవలే గాయన?" అంది మా అత్తగారు నవ్వుతూ.

"ఎవలో," అంది చిట్టి. మాటలు బాగానే వచ్చాయి దానికి.

పిప్పరమెంటు చూపించాను, తీసుకుని వెనక్కి పోయింది. కోడిలా కూశాను. మేకలా అరిచాను. చేతులు చాస్తే ఏడుపు అందుకుంది. "కొత్తగదా అల్లుడా, జరసేపైతే మల్లొస్తది," అంది అత్తగారు. కొత్త! చుట్టాల ముందు నవ్వుతూనే అరుగు మీదికి పోయి కూర్చున్నాను. ముఖం ఎవరికీ కనిపించకూడదని కెమెరా ఒళ్లో పెట్టుకుని, ఫిల్ము ఎక్కించి, అద్దంలోకి చూసే నెపంతో తల బాగా వంచుకున్నాను.

అప్పుడు నా నెత్తిమీద ఒక చిన్న చెయ్యి పడింది. వెంట్రుకలు గట్టిగా పట్టుకుంది.

"బాపు!" అంది చిట్టి. "బాపొచ్చిండు!"

నేను తలెత్తితే మళ్లీ అనుమానంగా చూసింది. తల వంచితే నవ్వింది. ఎత్తితే అనుమానం, వంచితే నవ్వు. పసిబిడ్డను ఒళ్లో వేసుకుని గడపలో కూర్చున్న మా ఇంటావిడ ఇదంతా చూసి పగలబడి నవ్వింది. తర్వాత నవ్వు ఆపి మెల్లగా అంది:

"పోయేముందు నెలదినాలు దానికి నెత్తే సూపెట్టినవ్. మొకం ఎన్నడు సూపెట్టినవయ్యా?"

ఆవిడ లేచి, పసివాణ్ని నా ఒళ్లో పెట్టి, కెమెరా లాక్కుంది. "పిల్లలతోని నువ్వు కూసో. నేను దీస్త."

"నీకెట్లొస్తది? పెట్టె కదలొద్దు, ఊపిరి వట్టాలె, ఎండ నీ యీపు దిక్కు..."

"నోరు మూసుకో" అని ఆవిడ అనేలోపే టక్కుమంది.

ఆ చుట్టలో తక్కిన ఏడు నేను తీసినవి. వాటి సంగతి వదిలేయండి. ఆవిడ తీసింది మాత్రం నీళ్లంత తేటగా వచ్చింది. ఒళ్లో పసివాడు, పక్కన చెయ్యి ఊపబోతున్న పటేలు, నా భుజం పట్టుకుని నా ముఖంలోకి వింతగా చూస్తున్న చిట్టి, మధ్యలో నోరు బార్లా తెరిచి పాఠం చెబుతున్న నేను. మా ముందు నేల మీద సన్నగా, పొడుగ్గా ఒక నీడ పడింది. కొంగు నెత్తిమీదికి ఉంది, మోచేతులు పక్కలకు ఉన్నాయి. అది ఆవిడే.

ఆ తర్వాత చాలా ఏళ్లు పిల్లల్ని తీస్తూ వచ్చాను. చేయి కుదిరింది, బొమ్మల్లో తలలు తెగడం మానేశాయి. అప్పటికి వాళ్లు పిలవగానే వచ్చి నిలబడే వయసు దాటి, "జల్ది దియ్యి బాపూ" అనే వయసులో పడ్డారు. మొన్న మా మనవరాలు ఆ పాత బొమ్మ చూసి, "తాతా, ఈ నీడను కత్తిరిస్తే ఫోటో ఎంత బాగుంటదో" అంది. నేను వద్దన్నాను. "నోరు తెరుచుకున్నాయనను కత్తిరించు, పర్వాలేదు," అన్నాను. మా ఇంటావిడ వంటింట్లోంచి, "ఆయననూ ఉండనీ తియ్యి," అంది.