నలభై మూడు ప్రతులు

రెబెకా గారి గురించి రాయమని నన్నెవరూ అడగలేదు. ఇన్నాళ్లకి అచ్చయి వచ్చిన యూనివర్సిటీ జూబిలీ సంచికలో ఆవిడ ఫొటో కింద నాలుగు తీపి వాక్యాలు వేశారు. "నిశ్శబ్ద సేవకురాలు" అన్నారు. నిశ్శబ్దమట! ఆవిడ ఆర్నెల్ల పాటు గొంతు చించుకుంటే ఒక్కడూ వినిపించుకోలేదు, అదీ వాళ్లకి తెలిసిన నిశ్శబ్దం. అది చదివాక నాకు ఒళ్లు మండి ఇది రాస్తున్నాను.

నా పేరు అమ్మిరాజు. రాయ్‌పూర్ నుంచి మందిర్ హసౌద్ వెళ్లే దారిలో ఉన్న ఒక క్యాథలిక్ యూనివర్సిటీ లైబ్రరీలో ఇరవై రెండేళ్లు పుస్తకాలు బైండు చేశాను. యూనివర్సిటీ పేరు రాయను. రాస్తే వాళ్లకి ఉత్తినే ప్రచారం.

రెబెకా గారు నా తర్వాత ఏడాదికి, 2001లో చేరారు. వాళ్ల నాన్నగారు రైల్వే గార్డు, నర్సాపురం వైపు నుంచి వచ్చి ఇక్కడి క్వార్టర్లలో స్థిరపడ్డారు. ఈవిడ పుట్టిందీ చదివిందీ ఇక్కడే. ఇంట్లో గోదావరి తెలుగు, వీధిలో హిందీ, కూరగాయల బజారులో ఛత్తీస్‌గఢీ. చేరిన రోజున ఆర్కైవ్స్ అని చూపించింది మరుగుదొడ్ల పక్క గది. గోడలు చెమ్మ. పాత మిషన్ ఆసుపత్రి రిజిస్టర్లు, ఫాదర్ల ఉత్తరాలు, అనాథాశ్రమం ఫొటోలు గోనెసంచుల్లో ఉన్నాయి, సగం చెదలు తిన్నాయి. ఆవిడ ముక్కుకి చీరకొంగు కట్టుకుని రెండేళ్లు వాటిని దులిపారు, ఎండబెట్టారు. చినిగినవి నా బల్ల మీదికి పంపారు. 2008 నాటికి పై అంతస్తులో నాలుగు గదులు, ఇనుప బీరువాలు, చదువుకునే బల్లలు, తలుపు మీద "ఆర్కైవ్స్, ప్రత్యేక సేకరణలు" అని బోర్డు. ఆ విభాగానికి ఆవిడే అధిపతి. కింద పనిచేసేవాళ్లు ఎంతమంది అంటే, ఒక్కరూ లేరు. చీపురు కూడా అధిపతే పట్టుకునేది.

ఇక బైబిళ్ల సంగతి.

కోస్తా నుంచి రైల్వేకీ ఆసుపత్రులకీ వచ్చిన తెలుగు క్రైస్తవుల ఇళ్లల్లో ఒక పెద్ద బైబిలు ఉండేది. పాత నిబంధన అయిపోయి కొత్త నిబంధన మొదలయ్యేచోట జననములు, వివాహములు, మరణములు అని తలకట్టు పెట్టి గీతల కాగితాలు ఉంటాయి. ఇంట్లో ఎవరు పుట్టినా ఎవరు పోయినా రాసేది అక్కడే. మునిసిపాలిటీ కాగితం పోవచ్చు గానీ ఆ పేజీ పోదు. మనవల కాలం వచ్చేసరికి తెలుగు చదివేవాళ్లు లేకపోయారు. అంత పుస్తకాన్ని ఫ్లాట్లో ఎక్కడ పెడతారు? చిత్తు కాగితాలవాడికి వేయడానికి ప్రాణం ఒప్పదు. హిందువులమైతే పాత పుస్తకాన్ని ఖారూన్ నదిలో వదిలి దండం పెడతాం. వాళ్లకి ఆ దారీ లేదు. 2004లో ఒక కుటుంబం క్వార్టరు ఖాళీ చేస్తూ బైబిలు తెచ్చి రెబెకా గారి బల్ల మీద పెట్టింది. అప్పటి పెద్ద ఫాదర్ని అడిగితే, "ప్రొటెస్టెంట్లదైనా దేవుడి పుస్తకమే కదా, ఉంచండి," అన్నాడు. మంచివాడు, పోయాడు. ఆ నోటా ఈ నోటా తెలిసి ఏడాదికి రెండో మూడో వచ్చేవి. చివరికి నలభై మూడయ్యాయి.

ప్రతిదీ నేనే బాగుచేశాను. ఒక బైబిలు పేజీల్లో పెళ్లి పూల రెక్కలు, ఒకదాన్లో వ్యాగన్ రిపేర్ షాపు పాసు, ఒకదాన్లో పసిబిడ్డ జుట్టు. ఏ బైబిలు ఎవరిదో అట్ట చూడకుండా చెప్పేవారు రెబెకా గారు. "అది పున్నయ్య గారిదండీ, కవలల పేజీ ఉంది, గట్టిగా నొక్కకండి," అనేవారు.

ఆవిడ చేసిన తప్పూ అక్కడే ఉంది. ఆవిడ మీద గౌరవంతో దాచిపెడితే నేనూ ఆ జూబిలీ సంచికవాడి లాంటివాణ్ణే అవుతాను. లైబ్రరీ పద్ధతిలో అచ్చు పుస్తకానికి పేరు ఒక్కసారే రాస్తారు, ఎన్ని ఉంటే అన్ని ప్రతులు అంటారు. రెబెకా గారు మొదటి బైబిలుకి రిజిస్టర్లో ఒక వరుస రాసి, తర్వాత వచ్చినవాటికి ప్రతుల సంఖ్య మార్చుకుంటూ పోయారు. "తెలుగు బైబిలు, 43 ప్రతులు." ఎవరిచ్చారో, లోపల ఏముందో అంతా ఆవిడ తలలో ఉంది. కాగితం మీద లేదు. విడివిడిగా రాద్దామని ప్రతి వేసవిలోనూ అనుకునేవారు. ప్రతి వేసవిలోనూ పైవాళ్లు ఇంకో పని నెత్తిన పడేసేవారు.

ఆ నలభై మూడింట్లో ఒకటి రూతమ్మ గారిది. రిటైరైన నర్సు, తెలీబంధాలో కొడుకు దగ్గర ఉంటుంది, అప్పటికి డెబ్భై ఆరేళ్లు. తల్లి ఫొటో లేదు. సమాధి ఉన్నచోట రోడ్డు వెడల్పు చేశారు. తల్లి చేతిరాత మాత్రం ఆ పేజీ మీద ఉంది, పెళ్లయ్యాక వయసు మీద నేర్చుకున్న అక్షరాలు, ఒక్కోటి గవ్వంత. ఏడుగురు పిల్లలు. "రూతు పుట్టినది శనివారము పొద్దు గూకినాక, వాన." ఒక కొడుకు చచ్చిపోయాడని రాయడానికి చెయ్యి రాక, "దావీదు వెళ్లినాడు" అని రాసుకుంది. ఏటా జూలై పద్నాలుగున, తల్లి పోయిన రోజున, రూతమ్మ గారు ఆటోలో వచ్చి, ఆ పేజీ తీయించుకుని, గంటసేపు కూర్చుని వెళ్లేది. ఫొటో తీసుకోవచ్చు కదా అంటారా? ఫోన్లు గది బయట పెట్టాలన్నది నియమం. ఆ నియమం పెట్టింది రెబెకా గారే. పాత పేజీల స్కానింగుకి మూడుసార్లు అర్జీ పెట్టారు, మూడుసార్లూ వచ్చే ఏడు చూద్దాం అన్నారు.

2022లో ఉమేష్ అని కొత్త లైబ్రరీ డైరెక్టరు వచ్చాడు. చురుకైనవాడే, కాదనను. ఆగస్టులో జూబిలీ, పై అంతస్తులో ప్రదర్శనశాల కావాలి, స్థలం లేదు. జూన్‌లో రెబెకా గారు కంటి ఆపరేషన్‌కి విశాఖపట్నం వెళ్లారు, పది రోజులు సెలవు. వెళ్లేముందు తాళాలు ఆఫీసులో ఇచ్చి, "బీరువాల జోలికి పోవద్దని చెప్పండి రాజుగారూ," అని నాతో రెండుసార్లు అన్నారు. నేను చెప్పాను. బైండరు మాట ఎవడు వింటాడు? ఆవిడ సెలవులో ఉండగా ఒక శనివారం టెంపోలోకి సంచులు ఎక్కిస్తుంటే నేను చూశాను. పాత పరీక్ష పేపర్లనుకున్నాను. నా కళ్లకి ఏ ఆపరేషనూ కాలేదు, అయినా కనబడలేదు.

నల్లద్దాలు పెట్టుకుని తిరిగొచ్చిన రోజున బీరువా తీసి చూసి, ఆవిడ నన్ను పిలవలేదు, నేరుగా డైరెక్టరు గదికి నడిచారు. నేను వెనకాలే వెళ్లాను. ఉమేష్ మాతో హిందీలో మాట్లాడేవాడు, తెలుగులో రాస్తున్నాను.

"మేడమ్, ఒకే పుస్తకం నలభై మూడు కాపీలు ఏ లైబ్రరీలోనైనా ఉంచుతారా? ఒకటి ఉంచి మిగతావి తీసేయించాను. నియమం అదే."

"అవి ఒకే పుస్తకం కాదు సార్. ఒక్కోటి ఒక్కో ఇల్లు."

అతను రిజిస్టరు ఆవిడ వైపు తిప్పాడు. "ఇది మీ చేతిరాతే కదా?"

ఆవిడ చూశారు. నేనూ చూశాను. ఆవిడ చేతిరాతే.

"తీసి చూశారా సార్, ఒక్కటైనా? ఒక్క పుస్తకం తెరిచి చూశారా?" అన్నారు. ఆ గొంతు నేనెప్పుడూ వినలేదు.

తెరవలేదు. ఆ లిపి వాళ్లకి రాదట. రాని లిపిలో చేత్తో రాసినదీ అచ్చేసినదీ తేడా తెలియడానికి చదువు కావాలా? కళ్లుంటే చాలదా? ఎవరు సంతకం చేశారని అడిగితే కమిటీ అన్నాడు. కమిటీ వాళ్లని అడిగితే డైరెక్టరు అన్నారు. అందరూ శాకాహారులే, రొయ్యల బుట్ట మాత్రం మాయం.

చిత్తు కాగితాలు కొన్నవాడి చిరునామా పట్టుకుని ఆ మధ్యాహ్నమే ఉర్లా వెళ్లాం. ఫ్యాక్టరీల పొగ మధ్య ఒక రేకుల షెడ్డు, అందులో తాటిచెట్టెత్తు కాగితాల గుట్ట. అక్కడి నుంచి అట్టపెట్టెల కార్ఖానాకి పోతుంది. యజమానురాలు చాందిని అని ఒకావిడ. విషయం వినగానే, "హాయ్ రామ్, ఇంటివాళ్ల పేర్లున్న పోథీ పుస్తకాలా? నాకెవరూ చెప్పలేదే!" అని తూకం ఆపించి మనుషుల్ని గుట్ట మీదికి ఎక్కించింది. నాలుగు డిగ్రీలున్నవాళ్లకి రాని మాట ఆవిడకి ఒక్క క్షణంలో వచ్చింది.

వంగొద్దు, బరువెత్తొద్దు, దుమ్ములోకి పోవద్దు అని డాక్టరు చెప్పి పంపిన మనిషి సాయంత్రం దాకా ఆ గుట్టలో మోకాళ్ల మీద వెతికారు. "కన్ను పోతాదండీ అమ్మా, లెగండి," అన్నాను.

"పోతే పోనివ్వండి రాజుగారూ. ఉన్నప్పుడు ఏం ఉద్ధరించింది? పద్దెనిమిదేళ్లు ఎదురుగుండా పెట్టుకుని ఒక్క పేరు రాయలేకపోయానే!"

పదకొండు దొరికాయి. మిగతావి ముందురోజే లారీలో వెళ్లిపోయాయి. రూతమ్మ గారిది ఆ పదకొండింట్లో లేదు.

వారానికి, తీసివేసిన పుస్తకాల కాగితం ఒకటి సంతకానికి వచ్చింది. "అదనపు ప్రతులు: 42." ఆవిడ సంతకం పెట్టలేదు. తెల్లకాగితాలు తీసి, పోయిన ముప్ఫై ఒకటీ ఒక్కొక్కటే జ్ఞాపకం మీద రాశారు. ఎవరిచ్చారు, ఏ ఏడు, ఎన్ని పుట్టుకలు, ఎన్ని చావులు. పద్నాలుగు పేజీలు. చివర్న, "వీటిని ఒకే వరుసలో రాసిన తప్పు నాది. తెరిచి చూడకుండా అమ్మిన తప్పు మీది. రెండూ రికార్డులో ఉండాలి," అని రాసి పంపారు. రికార్డులో ఉందో లేదో దేవుడికెరుక. దానికి జవాబు కోసం ఆర్నెల్లు తిరిగారు. జవాబు రాలేదు, జూబిలీ శాలువా మాత్రం వచ్చింది. దాన్ని ఆవిడ వెనక్కి పంపారు. పదకొండు బైబిళ్లకీ పదకొండు నంబర్లు వేసి, పేర్లతో నమోదు చేసి, నిరుడు రిటైరయ్యారు.

నాకు నిద్ర పట్టనివ్వనిది మాత్రం ఆ ఏటి జూలై పద్నాలుగు. రూతమ్మ గారికి రావద్దని ఫోను చేద్దామా అన్నాను. "ఆ మాట ఫోన్లో చెప్తామా?" అన్నారు రెబెకా గారు.

పదకొండు గంటలకి రూతమ్మ గారు వచ్చింది. మెట్లెక్కగానే ఎదురుగా జూబిలీ కోసం కొత్తగా పెట్టిన అద్దాల పెట్టె, లోపల ఎర్ర గుడ్డ మీద ఆ ఉంచిన ఒక్క బైబిలు. ఆవిడ మొహం విప్పారింది.

"ఓయమ్మ, మాదాన్ని ఇంత గొప్పగా పెట్టేరేంటి! తియ్యమ్మా రెబెకా, చూస్తాను."

రెబెకా గారు పెట్టె తాళం తీసి బైబిలుని బల్ల మీద పెట్టారు. రూతమ్మ గారు తడుముకోకుండా మధ్యకి తెరిచింది. జననములు. మరణములు. గీతలు ఉన్నాయి, గీతల మీద ఒక్క అక్షరం లేదు. నలభై మూడింట్లో అట్ట నలగనిది ఏదో చూసి, "మంచి కాపీ" అని అదొక్కటే ఉంచారు మా పండితులు.

"ఇందులో ఎవరూ పుట్టలేదేంటమ్మా?" అంది రూతమ్మ గారు.

రెబెకా గారు నిలబడే అంతా చెప్పారు. తన తప్పు ముందు చెప్పారు. ఏడవలేదు. ముసలావిడ బైబిలు మూసి దాని మీద చెయ్యి ఉంచుకుని విన్నది.

"మీకు నోటికి వచ్చు కదండీ. మీరు చెప్పండి, నేను రాసి పెడతాను," అన్నారు రెబెకా గారు.

"నోటికి రాక వచ్చేననుకున్నావా ఇన్నేళ్లూ? నాకు చదువుకోడానికేం లేదమ్మా అందులో. మా అమ్మ చెయ్యి చూసుకుందారని వచ్చేదాన్ని."

అరిచినా, తిట్టినా మాకు బాగుండేది. ఆవిడ చెప్పులు వేసుకుంటూ గుమ్మం దగ్గర ఆగింది.

"మా కోడలు ఇంట్లో చోటు లేదంటే, ఇక్కడైతే భద్రం అన్నావని నీ చేతిలో పెట్టేను. వచ్చే జూలైకి నన్నెక్కడికి రమ్మంటావో అది చెప్పమ్మా."

ఇరవై ఒక్క ఏళ్లుగా ఎవరేం అడిగినా రెబెకా గారు బీరువా నంబరుతో సహా చెప్పేవారు. ఆ రోజు ఆవిడ అలవాటుగా తాళాల గుత్తి చేతిలోకి తీసుకున్నారు, ఏ బీరువా వైపూ కదల్లేదు. రూతమ్మ గారు రెయిలింగు పట్టుకుని మెట్లు దిగి వెళ్లిపోయింది.