టర్బో ప్రెజర్ పెంచనన్న మా చెల్లి

జగ్గయ్యపేటలోని మా షెడ్డులో స్పేర్ పార్టులు నేను చూసుకుంటాను. మెకానిక్ మా చెల్లి నస్రీన్. ఈ రోజు పొద్దున్నే వత్సవాయి కోటయ్య గారు టిప్పర్ తెచ్చారు. సున్నపురాయి లోడుతో క్వారీ ఎత్తు ఎక్కడం లేదట, ఇంజనులోకి గాలి నెట్టే టర్బో ప్రెజర్ పెంచమన్నారు.

"పెంచనండి. కంపెనీ పెట్టిన దానికి మించితే ఇంజను తట్టుకోదు, పిస్టన్లు కాలిపోతాయి" అంది నస్రీన్.

"నందిగామలో పెంచుతామన్నారమ్మా!"

"అయితే అక్కడే చేయించుకోండి. నేను మాత్రం చెయ్యను. ముందు ఇప్పుడెంత వస్తుందో చూడనివ్వండి."

బేరం పోయిందనుకున్నాను, కానీ ఆయన సరే చూడమన్నారు. గేజి పెట్టి చూస్తే, ఉండాల్సిన ప్రెజరే రావడం లేదు. టర్బో నుంచి ఇంజనుకు గాలి వెళ్ళే రబ్బరు గొట్టం అడుగున చీలి ఉంది. అదొక్కటే మార్చింది.

సాయంత్రం కోటయ్య గారు ఫోన్ చేశారు. "ఫుల్ లోడుతో ఒక్క ఊపులో ఎక్కేసిందయ్యా! ఇకనించి మా మూడు బళ్ళూ మీ చెల్లి చేతికే."

స్పీకర్ పెట్టి షెడ్డంతా వినిపించాను. నస్రీన్ తను బాగుచేస్తున్న ఇంకో లారీ కింద నుంచే నవ్వింది.

మీకూ "అది చెయ్యను" అని చెప్పే మెకానిక్ ఉన్నారా? ఉంటే కామెంట్లో చెప్పండి. మా చెల్లి తర్వాతి స్థానం ఇద్దాం.