మన్సూరాలో బస్సు ఆగిన వారం

మా ఆయన ప్రభాకర్‌కు దోహాలో ఉద్యోగం, నాకేమో అల్ ఖోర్‌లో వచ్చింది. తొంభైల మధ్య సంగతి ఇది. దోహాలోనే అల్ మన్సూరాలో చిన్న ఫ్లాట్‌లో మా కొత్త కాపురం. కంపెనీ క్లినిక్‌లో ల్యాబ్ టెక్నీషియన్‌గా ఆర్డరు చేతికి రాగానే పాయసం వండాను కానీ, రోజూ అక్కడికి ఎలా వెళ్ళాలన్నది మర్నాటికి గానీ తట్టలేదు. అల్ ఖోర్ ఉత్తరాన దాదాపు గంట దూరం. టాక్సీ మాట్లాడుకుంటే సగం జీతం దానికే పోతుంది. కంపెనీ బస్సు ఊరికే తీసుకెళ్తుంది కానీ, అది కార్మికుల క్యాంప్ నుంచి నేరుగా పోతుంది, మన్సూరా వైపు రాదు. అల్ ఖోర్‌లోనే క్వార్టర్ ఇస్తాం, ఉండమన్నారు. మొగుణ్ణి దోహాలో వదిలేసి క్వార్టర్‌లో ఒంటరిగా ఉండటానికా నేను నరసాపురం నుంచి ఇంత దూరం వచ్చింది? ట్రాన్స్‌పోర్ట్ సూపర్‌వైజర్ గదిలో కూర్చుని కదలనని భీష్మించాను. ఆయన ఈజిప్టు మనిషి, గట్టివాడు. చివరికి ఒక వారం చూద్దామన్నాడు. శనివారం నుంచి గురువారం దాకా బస్సు మన్సూరాలో ఆగుతుంది. డ్యూటీ ఏడింటికి. ఒక్క ఆలస్యం ఓర్చుకుంటాడు, రెండోది జరిగితే స్టాపు రద్దు. స్టాపు పోతే నా ఉద్యోగమూ పోయినట్టే.

శనివారం పొద్దున్న ఆరు కాకముందే బస్సు వచ్చింది. ఎక్కి చూస్తే ముందు సీట్లన్నీ నిండిపోయాయి. డ్రైవర్ వెనక సీట్లో ఉన్న ఇద్దరు నేపాలీలు నన్ను చూడగానే లేచి నిలబడ్డారు. పరాయి ఆడమనిషి పక్కన కూర్చోరు, ఆమెను నిలబడనివ్వరు. అంత మర్యాద. ఆ మర్యాదే నా కొంప ముంచింది. హెల్మెట్లు, టిఫిన్ క్యారియర్లు పట్టుకుని వాళ్ళు వెనక్కి, వెనకవాళ్ళు ఇంకా వెనక్కి సర్దుకుంటున్నారు. అందరూ కూర్చునేదాకా డ్రైవర్ బండి కదిలించడు. ఆయన పెషావర్ పఠాన్, అందరూ లాలా అంటారు. అల్ ఖోర్ చేరేసరికి ఏడు దాటిపోయింది. గేటు దగ్గర సూపర్‌వైజర్ ఒకటి అయిందన్నట్టు వేలు చూపించాడు.

ఆదివారమూ అదే తంతు, కాకపోతే లాలా తోలిన తోలుడుకి గేటు మూసే లోపల పడ్డాం. ఇలా రోజూ దేవుడి మీద భారం వేస్తే కుదరదనుకుని, సాయంత్రం దిగేటప్పుడు నా కర్చీఫ్ ముందు సీటు మీద పరిచి వచ్చాను. మా నరసాపురం బస్టాండులో కిటికీలోంచి కర్చీఫ్ పడిందంటే ఆ సీటుకు ఇక తిరుగుండదు. సోమవారం బస్సెక్కగానే లాలా దాన్ని ఉతికి, మడిచి, కవర్లో పెట్టి నా చేతికిచ్చాడు. మర్చిపోయావమ్మా, భద్రంగా దాచానని హిందీలో చెప్పాడు. సీట్లో నేపాలీలు యథాప్రకారం కూర్చునే ఉన్నారు. నాకు ఏడవాలో నవ్వాలో తెలియలేదు.

వెనక నుంచి మాత్రం ఒకాయన పగలబడి నవ్వాడు. పైప్ ఫిట్టర్ సైలు, జగిత్యాల వైపు మనిషి. ముందుకొచ్చి లాలాకు హిందీలో విషయమంతా విప్పి చెప్పి, నేపాలీలను ఆలస్యం కాకుండా చకచకా వెనక్కి పంపించి, నా వైపు తిరిగాడు.

"వీళ్ళకేం ఎరుక మేడమ్? మా బస్టాండ్ల గూడ గిట్లనే ఏస్తం. గా కర్చీఫ్ నాకియ్యుండ్రి, రేపటి సంది క్యాంప్ల నేనే ఏస్త."

మంగళవారం నేను ఎక్కేసరికి ముందు సీటు ఖాళీ, దాని మీద నా కర్చీఫ్. కూర్చోవడం, లాలా యల్లా, అంటే పదండి అనడం, బండి కదలడం ఒక్క నిమిషంలో అయిపోయాయి. ఆ సీటు ఎడమ వైపుది, పోయేటప్పుడూ వచ్చేటప్పుడూ ఎండ తగలదు. బుధవారానికి నేపాలీలు కూడా క్యాంప్‌లో టోపీలు సీట్ల మీద పెట్టి దర్జాగా చాయ్ తాగడానికి దిగడం మొదలుపెట్టారు. లాలా తల పట్టుకున్నాడు. డ్యూటీకి ముందు అల్ ఖోర్‌లో అర రియాల్ పెట్టి నేను కూడా తీరిగ్గా టీ తాగాను.

గురువారం లేచి కిటికీ తీస్తే ఎదుటి బిల్డింగ్ కనిపించలేదు. పొగమంచు. ఈ రోజు లీవు పెట్టెయ్యమన్నాడు ప్రభాకర్. లీవు పెడితే ఓడిపోయినట్టేనని జడ అల్లుకుంటున్నాను, కింద హారన్ మోగింది. ఇంకా టైమే కాలేదు. సగం జడతోనే మెట్లు దిగి పరిగెత్తాను. బస్సులో అందరూ ఎవరి సీట్లలో వాళ్ళున్నారు. దారంతా లాలా నత్తనడకన తోలాడు. సైలు తలుపు దగ్గర నిలబడి రోడ్డు అంచున తెల్లగీత చూసి చెబుతూ వచ్చాడు. నేను మిగిలిన సగం జడ అల్లుకుంటూ గడియారం చూసుకుంటూ కూర్చున్నాను.

గేటు లైటు కనిపించేసరికి ఏడు కావడానికి ఇంకా రెండు నిమిషాలున్నాయి. సూపర్‌వైజర్ గడియారం చూసుకున్నాడు, మా వెనక రోడ్డు వైపు చూశాడు. మిగతా బస్సుల జాడే లేదు.

"ఖలాస్, తేలిపోయింది. మన్సూరా స్టాప్ పర్మనెంట్," అన్నాడు.

బస్సంతా ఈలలు. నేను గెలిచాను! ఆ పూట క్లినిక్‌లో కనబడ్డవాళ్ళందరికీ ఈ మాట చెప్పుకున్నాను. సూపర్‌వైజర్ గదిలో మొండికేసి కూర్చున్నది నేనే కదా మరి.

తిరుగు ప్రయాణంలో లాలాను అడిగాను, అంత ముందుగా ఎలా వచ్చావని. తనది కాదు, సైలుది ఆ పని అన్నాడు. తెల్లవారకముందే మంచు చూసి, క్యాంప్‌లో గది గదికీ వెళ్ళి తలుపులు బాది అందర్నీ లేపాడట. ఒక్కరూ విసుక్కోలేదట. నా కోసం అంత మంది నిద్ర చెడగొట్టావా అని సైలును అడిగితే, ఆయన నన్నే వింతగా చూశాడు.

"మీ ఒక్కరి కోసమేంది మేడమ్? మా బస్సు ఓడుతదా?"

ఆ బస్సులో ఆరేళ్ళు తిరిగాను. కొన్ని నెలలకే మన్సూరా నుంచి నర్సులు కూడా ఎక్కడం మొదలుపెట్టారు, ముందు సీట్లు నిండిపోయాయి. పొద్దస్తమానం ఎండలో ఇనుము మోసి వచ్చేవాళ్ళకు నిద్ర ఎంత విలువైనదో రోజూ వాళ్ళతో కలిసి ప్రయాణం చేశాకే తెలిసింది. నా ఉద్యోగం నిలబడటం సంతోషమే, కానీ నన్ను తమలో ఒకదాన్ని చేసుకున్నారన్నది అంతకన్నా పెద్ద సంతోషం. ఆ దారిన ఉద్యోగానికి వెళ్ళబోయేవాళ్ళకు ఒక్కటే చెబుతాను. చలికాలంలో పొగమంచు పడిన రోజు పావుగంట ముందే లేవండి. తమకు ఏ అవసరమూ లేకపోయినా ఆ గురువారం మా బస్సంతా లేచింది.