గజంబద్దకు అతికిన ముక్క

నా చిన్నప్పుడు మా ఇంట్లో బడి మొహం చూసినదాన్ని నేనొక్కదాన్నే. చదివేది ఆరో తరగతి, ఆ మాత్రానికే నా కాలు నేల మీద ఆనేది కాదు. మా బాపు మగ్గం నేసేవాడు. చీరకు ఆరు గజాలని ఆయన చేతికి అలవాటు.

ఒకసారి నార్కట్‌పల్లి నుంచి కొత్త దుకాణదారు ఒకాయన వచ్చి నాలుగు చీరలు నేయమని, పొడవు ఐదున్నర మీటర్లని కాగితం మీద రాసిచ్చి పోయాడు. మీటరంటే ఎంతని బాపు నన్నడిగాడు. నాకూ తెలియదు. తెలియదంటే పరువు పోతుందని, మీటరైనా గజమైనా ఒకటే, మూడడుగులని చెప్పేశాను.

మొదటి చీర కోసే ముందు బాపు మోచేయి ఆనించి మూరలతో కొలుచుకున్నాడు. "మూరెడు తక్కువున్నట్టున్నది బిడ్డా. జర పుస్తకం చూసి చెప్పు," అన్నాడు. లెక్కల పుస్తకం నా పక్కనే ఉంది, తెరవలేదు. "నీకు తెల్వదు బాపూ, ఇది కొత్త లెక్క," అన్నాను. ఇరవై ఏళ్లు నేసిన తన చేతిని కాదని ఆయన నా మాట నమ్మాడు.

దుకాణదారు వచ్చి మా వాకిట్లోనే మీటరుబద్ద పెట్టి కొలిచాడు. నాలుగు చీరలూ మూరెడు చొప్పున తక్కువ వచ్చాయి. "గింత పొట్టి చీర ఎవలు కడ్తరు? కొల్సుడు గూడ రాదా నీకు?" అన్నాడు, వాడకట్టు వాళ్లంతా వింటుండగా. నేను తలుపు వెనకే ఉన్నాను. బాపు నా వైపు చూడనైనా లేదు. "నాదే పొరపాటు. మల్ల నేసిస్త," అన్నాడు.

మర్నాడు పొద్దున నన్ను పిలిచి, "పుస్తకం తే బిడ్డా, ఇద్దరం నేర్చుకుందం," అన్నాడు. మీటరంటే మూడడుగుల మూడంగుళాలు, ఆపైన ఇంకాస్త అని చదివి వినిపించాను. గజంబద్ద చివర ఆ ఎక్కువున్నంత వెదురు ముక్క అతికించి, నూలుతో గట్టిగా చుట్టాడు.

కోప్పడి ఉంటే ఏడ్చి అప్పుడే చెప్పేసేదాన్ని. పుస్తకం చూడకుండా, తెలియకుండానే చెప్పానని ఒప్పుకోలేదు. తర్వాత చెబుదామనుకుంటుండగానే ఏళ్లు గడిచాయి, బాపు పోయాడు.

ఆ బద్ద ఇప్పుడు నా దగ్గరే ఉంది. మా మనవరాలు అడుగులు, అంగుళాలు ఏవైనా ఫోన్లో చిటికెలో మీటర్లలోకి మార్చేస్తుంది. నాకు తెలియనిది ఎప్పుడైనా నన్నడిగితే, "నాకు తెల్వదు బిడ్డా, చూసి చెప్త," అంటాను. అంత చిన్న మాటే. బాపు అడిగిన రోజు నా నోటికి రాలేదు.